వీలునామా రాసే పన్నెండో తరగతి: వీడ్కోలు పరిహాసానికి ఒక వంశవృక్షం

జూన్ నెల మధ్యలో ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల దుకాణం ముందు, పరిచయమున్న ఒక ఇల్లాలు నన్ను ఆపారు. “అన్నయ్యగారూ, మావాడు వీలునామా రాశాడండీ. బడి పత్రికలో అచ్చు కూడా వేశారు,” అన్నారు. ఆమె గొంతులో నవ్వు లేదు. పద్దెనిమిదేళ్ళైనా నిండని పిల్లవాడు, నిండు నూరేళ్ళు బతకవలసినవాడు, తన తదనంతరం ఎవరికేమి చెందాలో రాయడమేమిటన్నది ఆమె బాధ. ఫోనులో ఆ పుట ఫోటో చూపించారు. తన లాకరును, అందులో సెప్టెంబరు నుంచి మగ్గుతున్న అరటిపండుతో సహా, ఒక మిత్రుడికి రాసిచ్చాడు. హాజరు పిలిచేటప్పుడు తన ఇంటిపేరు దగ్గరికి వచ్చి ఉపాధ్యాయులు ఆగిపోయే ఆ రెండు క్షణాల నిశ్శబ్దాన్ని, ఇకపై ఆ బడిలో చేరబోయే తెలుగు పిల్లలందరికీ సమాన వాటాలుగా పంచాడు. తొమ్మిదో తరగతిలో ఉన్న చెల్లెలికి ‘నువ్వు అతని చెల్లెలివి కదూ’ అని టీచర్లు అడగబోయే ప్రశ్నను, దానితోపాటు లెక్కల్లో తనకు రాని మార్కులను ఇచ్చాడు. అమ్మానాన్నల ప్రస్తావన లేదు.

ఆ పిల్లవాడు కొత్తగా కనిపెట్టినదేమీ లేదని, అతడి చేతిలోకి వచ్చిన ప్రక్రియకు పదహారు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నదని ఆమెకు అక్కడే చెప్పబోయాను. ఎండలో నిలబడి చెప్పే సంగతి కాదు. ఆ చెప్పలేకపోయినదే ఈ వ్యాసం.

ముందు ఊరి సంగతి క్లుప్తంగా. ఐసెలిన్ న్యూజెర్సీ రాష్ట్రం మిడిల్‌సెక్స్ కౌంటీలో, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక భాగం. 2010 జనాభా లెక్కల్లో 18 వేల పైచిలుకు మనుషులున్న చిన్న ఊరు. 1971లో తెరిచిన మెట్రోపార్క్ రైల్వే స్టేషను వల్ల న్యూయార్కు కొలువులు అందుబాటులోకి వచ్చాయి. పక్కనున్న ఎడిసన్‌లోకి సాగే ఓక్ ట్రీ రోడ్డు క్రమంగా చీరల దుకాణాలు, నగల అంగళ్ళు, టిఫిను హోటళ్ళతో నిండి భారతీయుల బజారైంది. ఊళ్ళోని ఉన్నత పాఠశాల 1964లో మొదలైంది. అంతకు ముందు ఏడాదే హత్యకు గురైన అధ్యక్షుడు కెనెడీ పేరు దానికి పెట్టారు. ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారి పిల్లలు ఇలాంటి బడుల్లోనే పన్నెండో తరగతి ముగించి, జూన్ చివరలో గౌనూ టోపీ వేసుకుని బయటికి వస్తారు. ఆ ముందు నెలా రెండు నెలలు, చదువు దాదాపు ముగిసి, పట్టా ఇంకా చేతికి రాని కాలం. నేను చెప్పబోయే హాస్యమంతా ఆ సందులో పుట్టేదే.

అమెరికా ఉన్నత పాఠశాలల్లో ఈ వీడ్కోలు హాస్యానికి కొన్ని స్థిరపడిన రూపాలున్నాయి. ఇయర్‌బుక్‌లో ఫోటో కింద వేసుకునే ఒక వాక్యం. తరగతిలో ఎవరు ఏమవుతారో సరదాగా చెప్పే జోస్యం. ‘మహా నిద్రాళువు’, ‘తరగతి విదూషకుడు’ వంటి బిరుదులకు పెట్టే ఓట్లు. ఇక ‘సీనియర్ విల్’ అని పిలిచే వీలునామా. మొదటి మూడింటినీ ఇక్కడ వదిలేస్తున్నాను. నా దృష్టిలో వీటన్నిటిలో ఆలోచన ఎక్కువగా దాగినది నాలుగోదే.

దాని నిర్మాణం చాలా సులువు. సంపూర్ణ ఆరోగ్యంతోనూ స్థిరబుద్ధితోనూ ఉన్న నేను ఇందుమూలముగా రాసి ఇచ్చునదేమనగా, అంటూ దస్తావేజు భాషలో మొదలవుతుంది. తర్వాత ఆస్తుల పట్టిక, వారసుల పేర్లు. హాస్యమంతా ఆ గంభీరమైన భాషకూ, ఇచ్చే వస్తువు అల్పత్వానికీ మధ్యనున్న దూరంలో ఉంటుంది. బస్సులో చివరి వరుస సీటు, భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల, కళ్ళు తెరుచుకుని నిద్రపోగల విద్య, ఫలానా టీచరు కంట పడకుండా ఆలస్యంగా లోపలికి వచ్చే దారి – ఇలాంటివి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం మెట్లెక్కిన తెలుగువారెవరికైనా ఆ భాష కొత్త కాదు. మన ‘వీలునామా’ మాట కూడా ఇంగ్లీషు ‘విల్లు’కు పారసీ ‘నామా’ను అంటుకట్టగా పుట్టినదే, కచేరీ గుమాస్తాల చేతిలో తయారైన సంకర పదం. ఇంకో ముచ్చట: న్యూజెర్సీ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండినవారికే వీలునామా రాసే అర్హత ఉంది. అంటే ఈ పిల్లలు చట్టం తమకు ఇవ్వబోయే తొలి పెద్దరికాలలో ఒకదాన్ని, అది చేతికి వచ్చీ రాకముందే, ఆటబొమ్మగా చేసి ఆడుకుంటున్నారన్నమాట.

ఇక వంశవృక్షం. దీని మూలపురుషుడు ఒక పందిపిల్ల.

క్రీస్తుశకం నాలుగో శతాబ్దం నాటిదని పండితులు భావించే ఒక చిన్న లాటిన్ రచన ఉంది. దాని పేరుకు అర్థం ‘పందిపిల్ల వీలునామా’ అని. కథానాయకుడు గ్రున్నియస్ కొరకొట్టా అనే పందిపిల్ల. వంటవాడు కత్తి పట్టుకుని వస్తాడు. పందిపిల్ల ప్రాణభిక్ష కోరుతుంది, దొరకదు. సరే, వీలునామా చెప్పుకోవడానికి ఒక గంట సమయమివ్వమంటుంది. తన చేత్తో తాను రాయలేదు గనుక చెప్పి రాయిస్తుంది. తండ్రికి 30 కొలతల సింధూరపు కాయలు, తల్లికి 40 కొలతల గోధుమలు, చెల్లెలికి 30 కొలతల బార్లీ. ఆ తర్వాత తన శరీరాన్నే పంచుతుంది: చెప్పులు కుట్టేవారికి వెంట్రుకలు, చెవిటివారికి చెవులు, న్యాయవాదులకూ వదరుబోతులకూ నాలుక, మగపిల్లలకు మూత్రాశయం, ఆడపిల్లలకు తోక. సాక్షులు ఏడుగురు, రోమన్ చట్టం అడిగే సంఖ్య అదే. వాళ్ళ పేర్లు కొవ్వునూ జీలకర్రనూ మాంసపు ముక్కలనూ తలపిస్తాయి. ఆ ఏటి పాలకుల పేర్లు కూడా పొయ్యినీ మిరియాలనూ గుర్తుచేసేవే. తన సమాధి మీద బంగారు అక్షరాలతో ఏమి చెక్కించాలో కూడా చెబుతుంది. తాను 999 ఏళ్ళ ఆరు నెలలు బతికిందట. ఇంకొక్క అరసంవత్సరం బతికి ఉంటే వెయ్యేళ్ళు నిండేవట.

మన విషయానికి ముఖ్యమైనది కథ కాదు, దాన్ని చదివినవారెవరన్నది. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్, యెషయా గ్రంథ వ్యాఖ్యానంలో ఒకచోట ఈ పందిపిల్లను విసుగ్గా ప్రస్తావించాడు. తాను కష్టపడి రాసే వ్యాఖ్యానాలను చదివేవారు కొద్దిమంది, బడిపిల్లలు గుంపులు గుంపులుగా కూడి పడీపడీ నవ్వేది మాత్రం ఈ పంది వీలునామాను చూసి అన్నది ఆయన ఫిర్యాదు సారాంశం. ఐదో శతాబ్దపు తొలి దశకాల మాట ఇది. అప్పటి బడిపిల్లలు నోటితో వల్లించినదే ఇప్పటి బడిపిల్లలు పత్రికలో అచ్చేసుకుంటున్నారు. ఈ మధ్య పదహారు శతాబ్దాల పాటు దారం తెగకుండా వచ్చిందని నేను అనడం లేదు. ఒకే అవసరం మళ్ళీమళ్ళీ ఒకే రూపాన్ని వెతుక్కుందని మాత్రం అనగలను.

మధ్యలో ఫ్రెంచి కవి ఫ్రాన్స్వా వియ్యోఁ ఉన్నాడు. పారిస్ విశ్వవిద్యాలయంలో చదివి, పోలీసులతోనూ దొంగలతోనూ సమానంగా పరిచయమున్నవాడు. 1456లో పారిస్ వదిలిపోతూ ఒక వీడ్కోలు కావ్యం రాసి, మంగలికి తన జుట్టు కత్తిరింపులను, చెప్పులు కుట్టేవాడికి పాతచెప్పులను రాసిచ్చాడు. 1461లో ‘వీలునామా’ అనే పెద్ద కావ్యం రాశాడు. అందులో ఒక ఆశ్రమంలోని అంధులకు తన కళ్ళజోడు ఇస్తాడు, శ్మశానంలో మంచివాళ్ళ ఎముకలేవో చెడ్డవాళ్ళవేవో ఏరి వేరుపరచడానికి. విన్నప్పుడు నవ్వు, కాసేపటికి ఒంట్లో చలి. విద్యార్థి వీడ్కోలు పరిహాసం సాహిత్యంగా ఎంత ఎత్తుకు వెళ్ళగలదో చూడాలంటే అక్కడ చూడాలి.

అమెరికాకు ఇది కళాశాలల తలుపు గుండా వచ్చింది. పట్టా ప్రదానానికి ముందు ‘క్లాస్ డే’ అని ఒక రోజు కేటాయించి విద్యార్థులే తమ తరగతి చరిత్రను, పద్యాన్ని, జోస్యాన్ని, వీలునామాను చదివే పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో పాతుకుపోయింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలకు ఉన్నత పాఠశాలలు కూడా దాన్ని తమ ఇయర్‌బుక్‌లలోకి తెచ్చుకున్నాయి. ఐసెలిన్ వారికి దగ్గరలోనే దీని గంభీరమైన బంధువు ఒకటి ఇంకా సజీవంగా ఉంది. మెట్రోపార్క్‌లో ఎక్కితే అదే రైలుమార్గంలో వచ్చే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో, స్నాతకోత్సవాన ఒక విద్యార్థి నేటికీ లాటిన్‌లో స్వాగతోపన్యాసం చేస్తాడు. తొలి స్నాతకోత్సవం జరిగిన 1748 నాటి నుంచి వస్తున్న ఆచారమది. ఆ ఉపన్యాసం నిండా చమత్కారాలే, కాని లాటిన్ తెలిసినవారెందరు? అందుకని పట్టభద్రులకు పంచే ప్రతిలో ఇక్కడ నవ్వవలెను, ఇక్కడ చప్పట్లు కొట్టవలెను అని లాటిన్‌లోనే సూచనలుంటాయి. వెనక కూర్చున్న తల్లిదండ్రుల చేతుల్లో ఆ ప్రతి ఉండదు. పట్టభద్రులంతా సరైన చోట నవ్వుతుంటే, ఆహా మా పిల్లలకు ఎంత పాండిత్యమబ్బిందని పెద్దలు మురిసిపోతారు. నాలుగేళ్ళ ఫీజు కట్టిన తల్లిదండ్రుల మీద ఇంతకంటే సున్నితమైన హాస్యం నేను చూడలేదు.

స్వాగతం మాట వచ్చింది కనుక దాని జంట పదాన్ని కూడా చూద్దాం. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ‘వాలెడిక్టోరియన్’ అన్న మాటకు అర్థం ఒక్కటే: ఫస్టు ర్యాంకు. పిల్ల తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన నాటి నుంచి మార్కుల సగటును మూడో దశాంశ స్థానం దాకా లెక్కపెట్టే తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ రోగం నాకూ కొంత ఉండేది. కాని ఆ లాటిన్ మాటకు ర్యాంకుతో సంబంధం లేదు. ‘వాలే’ అంటే సెలవు, ‘దిచెరే’ అంటే పలకడం. తరగతి తరఫున సెలవు పలికేవారు అని అర్థం. మార్కులన్నవి ఆ పనికి మనిషిని ఎంచుకునే పద్ధతి మాత్రమే. పదవిని చూసి పనిని మరిచిపోయాం మనం.

తెలుగునాట బడి వీడ్కోలు ఎలా ఉండేదో, ఉంటోందో గుర్తు చేసుకుంటే తేడా స్పష్టమవుతుంది. పదో తరగతి వారికి తొమ్మిదో తరగతి వారు చందాలు వేసుకుని వీడ్కోలు సభ జరుపుతారు. గ్రూప్ ఫోటో, ప్రధానోపాధ్యాయుడి ఉపన్యాసం, లడ్డూ మిక్చరు పొట్లం. రంగురంగుల కాగితాల ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో పడవా తీరమూ, పువ్వూ ముల్లూ తప్పనిసరి. కళాశాలల్లోనైతే జూనియర్లు సీనియర్లకు కొంటె బిరుదులిచ్చి సాగనంపుతారు. మన పద్ధతిలో ఇచ్చేవాడు ఉండిపోయేవాడు, పుచ్చుకునేవాడు వెళ్ళిపోయేవాడు. సీనియర్ వీలునామాలో ఈ దిక్కు తిరగబడింది. వెళ్ళిపోయేవాడే ఇచ్చి పోతాడు. ఇవ్వడానికి అతడికి ఆ బడిలో సొంతమైనదేదీ లేదు. లాకరు బడిది, బల్ల బడిది, బస్సు బడిది. అయినా ఇది నాదే, నీకిస్తున్నాను అనడంలో నాలుగేళ్ళ సహవాసం ఉంది.

మనకు హాస్యంతో సాగనంపడం తెలియదని కాదు. అది బడిలో లేదు, పెళ్ళిలో ఉంది. బంతి భోజనాల దగ్గర వియ్యాలవారిని పేరుపేరునా ఏకిపారేసే పాటలు, వరుడి తల్లి నడకనూ మాటనూ ఎగతాళి చేసే పాటలు ఉండేవి. ఆ కాసేపటికి అందులో తప్పు లేదు. కాసేపట్లో అప్పగింతలు, ఏడుపులు. మైకులో చదివింపులు వినిపించేది కూడా అక్కడే. ఫలానావారు ఫలానాది ఇచ్చారని సభాముఖంగా చదవడంలో ఉండే హుందా, అప్పుడప్పుడు దొర్లే హాస్యం, సీనియర్ వీలునామాకు చాలా దగ్గర. సామాజిక మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో రాసిన ఒక వ్యాసంలో ఇటువంటి వాటిని పరిహాస సంబంధాలన్నాడు. దగ్గరితనమూ దూరమూ రెండూ ఒకేచోట ఉన్న బంధుత్వాల్లో, మేలమాడే హక్కు ఒకరికి, కోపం తెచ్చుకోకూడని బాధ్యత రెండోవారికి ఆచారమే అప్పగిస్తుందన్నది ఆయన వాదన. మన బావామరదళ్ళ సంగతి ఆయన చెప్పకపోయినా మనకు తెలుసు. పన్నెండో తరగతి చివరి నెలలో విద్యార్థికీ ఉపాధ్యాయుడికీ మధ్య తాత్కాలికంగా ఏర్పడేది ఆ వరసే. నిన్నటిదాకా మార్కులు వేసే చెయ్యి. రేపటి నుంచి వీధిలో ఎదురైతే పలకరించే పెద్దమనిషి. ఈ రెంటి మధ్య పిలుపు కుదరని కొద్దిరోజుల్లో హాస్యమే వరస కలుపుతుంది. గురువును దేవుడితో సమానంగా చూడాలని నేర్చుకుని వచ్చిన మనకు, టీచరు బట్టతల మీద జోకు బడి పత్రికలోనే కనిపిస్తే గుండె గతుక్కుమంటుంది. ఆ టీచరు మాత్రం ఆ పుటను కత్తిరించి తన బల్ల మీద అతికించుకుంటాడు.

అన్ని జోకులూ అలా అతికించుకోదగ్గవి కావు. 1983 ఏప్రిల్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెథెల్ ఉన్నత పాఠశాలలో మాథ్యూ ఫ్రేజర్ అనే సీనియర్ విద్యార్థి, విద్యార్థి సంఘం ఎన్నికలో మిత్రుణ్ణి బలపరుస్తూ దాదాపు 600 మంది ముందు ద్వంద్వార్థాలతో ఒక ఉపన్యాసం దంచాడు. బడి అతడిని సస్పెండ్ చేసి, పట్టా ప్రదానోత్సవంలో మాట్లాడేందుకు పోటీపడేవారి జాబితా నుంచి పేరు తీసేసింది. తోటి పిల్లలు జాబితాలో లేని అతడి పేరునే చేత్తో రాసి ఓటేసి గెలిపించారు. కింది కోర్టు అతడి పక్షాన నిలవడంతో అతడు ఆ జూన్‌లో మాట్లాడాడు కూడా. అయితే 1986లో సుప్రీం కోర్టు 7–2 తేడాతో బడిదే ఒప్పంది. 1988లో హేజెల్‌వుడ్ కేసు తీర్పు బడి పత్రికలపై అధికారులకు మరింత పట్టునిచ్చింది. న్యూజెర్సీ 2021 డిసెంబరులో చట్టం చేసి విద్యార్థి పాత్రికేయులకు కొంత స్వేచ్ఛను తిరిగి ఇచ్చింది. అదే రాష్ట్రం, రట్గర్స్ విద్యార్థి ఒకరి మరణం దరిమిలా, తోటివారిని వేధించడాన్ని అరికట్టేందుకు 2011 జనవరిలో కఠినమైన చట్టం తెచ్చింది. బడిలోని సలహాదారు టీచరు వీలునామాలను అచ్చుకు పంపేటప్పుడు ఈ రెండు చట్టాలూ తలలో మెదులుతాయి. ఫలానా అమ్మాయికి అద్దం, ఫలానా అబ్బాయికి సబ్బు అని రాసిన వాక్యాల్లో ఎంత విషం ఉందో బయటివారికి తెలియదు, ఆ పిల్లలకు తెలుస్తుంది. ఈ కారణంగానే అమెరికాలో చాలా బడులు వీలునామాలను మొత్తంగా ఆపేశాయి. నాకు ఆ నిర్ణయం నచ్చదు. అయితే అలా నిర్ణయించినవారిని తప్పుపట్టలేను.

పరిహాసం ఎక్కడ బెడిసికొడుతుందో ఐసెలిన్, ఎడిసన్ వాసులకు పుస్తకాలు చూసి నేర్చుకోవలసిన పని లేదు. ఎడిసన్‌లో పెరిగిన హాస్య రచయిత జోయెల్ స్టైన్ 2010 జూలైలో టైమ్ పత్రికలో తన సొంత ఊరి గురించి ఒక వ్యాసం రాశాడు. తాను పిల్లవాడిగా తిరిగిన పిజ్జా కొట్లూ సినిమా హాలూ భారతీయుల దుకాణాలుగా మారిపోయాయని, వచ్చినవారి తెలివితేటల మీదా దేవతల మీదా చెణుకులు విసిరాడు. ఒక రకంగా అది పూర్వవిద్యార్థి తన ఊరికి ఆలస్యంగా పలికిన హాస్యపు వీడ్కోలే. ఇక్కడివారు తీవ్రంగా గాయపడ్డారు. నటుడు కాల్ పెన్ ఘాటుగా జవాబు రాశాడు. చివరకు పత్రికా, రచయితా విచారం వెలిబుచ్చారు. ఆ వ్యాసం ఎందుకు అంతగా నొప్పించిందో, పిల్లల వీలునామాలు చాలావరకు ఎందుకు నొప్పించవో పక్కపక్కన పెట్టి చూశాను. వీలునామా రాసేవాడు ముందు తనను తాను పోగొట్టుకుంటాడు. తాను పోతున్నాడు, వస్తువులు వదులుతున్నాడు, తన లోపాలనే ఆస్తిగా లెక్క రాస్తున్నాడు. పందిపిల్ల తన తోకనే ఇచ్చింది, ఇంకొకరి తోక కాదు. స్టైన్ వ్యాసంలో రచయిత ఏమీ వదులుకోలేదు. ఊరు నాదే, మీరు వచ్చి పాడు చేశారు అన్న స్వరం అందులో వినబడింది. ఆ ఊరిని అతడు తర్వాతివారికి రాసిచ్చి ఉంటే, అవే చెణుకులకు వారే ముందు నవ్వేవారేమో.

ఈ కోణంలో చూస్తే ఆ కుర్రవాడి ‘రెండు క్షణాల నిశ్శబ్దం’ మీదికి నా మనసు పదేపదే పోతుంది. ఇంటిపేరును నాలుక తిప్పి పలకలేక టీచరు తడబడితే పన్నెండేళ్ళు ఏటా సెప్టెంబరులో ఆ పిల్లవాడు ఏమనుకున్నాడో తల్లికి తెలియదు. ఇంట్లో చెప్పి ఉండడు. అది అవమానమైతే ఎవరూ వారసత్వంగా ఇవ్వరు. అతడు దాన్ని ఆస్తుల జాబితాలో చేర్చాడు, అదీ సమాన వాటాలుగా, తనవంటివారందరికీ. ఆ పుట చూసిన టీచరు వచ్చే సెప్టెంబరులో ఆ చోటికి రాగానే నవ్వుతుందో, పేరు ముందే నేర్చుకుని వస్తుందో చూడాలి.

మరో రెండు వారాలకు ఆ ఇల్లాలు మళ్ళీ కనబడ్డారు. పందిపిల్ల కథ చెప్పాను. అంతా విని, “తల్లికి ఏమిచ్చిందన్నారు?” అని అడిగారు. నలభై కొలతల గోధుమలన్నాను. “తండ్రికంటే పది ఎక్కువే నయం. మావాడు మాకు ఊసైనా పెట్టలేదు,” అన్నారు. ఆ మాట పిల్లవాణ్ణే అడగకపోయారా అన్నాను. అడిగారట. బడిలో వదిలిపోయేవాటికే ఆ వీలునామా, ఇంటిని వదిలిపోతున్నట్టు ఇంకా రాయలేదు కదమ్మా అన్నాడట. ఆగస్టు చివర్లో కాలేజీకి వెళుతున్నాడు. ఇప్పటికే రెండు పెట్టెలు సర్దడం మొదలుపెట్టారు; ఒకటి ఆవకాయదే.